బల్బు వెలిగింది, కోడిపిల్లలు మాత్రం వణికాయి

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. ఊరికి దూరంగా బావి దగ్గర ఇల్లు, మూడెకరాల పొలం, రెండు బర్రెలు ఉన్నాయి. నవంబరులో వనరాజా రకం కోడిపిల్లలు 100 తెచ్చాం. బర్రెల కొట్టంలో ఒక మూలకు పరదా కట్టి, కింద ఊక పోసి, పైన రెండు బల్బులు వేలాడదీశాం. ఇంట్లో వాడే తెల్ల బల్బులే, 9 వాట్లవి. నూకలు చల్లాం, పళ్లెంలో నీళ్లు పెట్టాం. తెల్లారి చూస్తే పది పిల్లలు మూలన ఒకదాని మీద ఒకటి పడి చచ్చి ఉన్నాయి. మర్నాడు ఇంకో ఎనిమిది. కొన్నింటికి వెనక రెట్ట తెల్లగా అంటుకుపోయింది. మందుల షాపులో యాంటీబయాటిక్ పొడి ఇస్తే నీళ్లలో కలిపాం. అయినా రోజూ పోతూనే ఉన్నాయి. నాలుగో వారంలో రెట్టలో రక్తం కనబడింది. ఇప్పుడు 34 మిగిలాయి, అవి బాగానే తిరుగుతున్నాయి. ఫిబ్రవరి మొదట్లో మళ్లీ తేవాలని ఉంది. 'ఎట్లయినా సగం పోతయ్, ఈసారి 200 తెద్దాం' అంటాడు మా ఆయన. 'తల్లి లేని పిల్లలు, ఎట్ల బతుకుతయ్ బిడ్డా' అంటుంది మా అత్తమ్మ. మా నాటుకోడి పొదుగుకు వచ్చేలా ఉంది, కొన్ని దాని కింద పెట్టమంటుంది. ఎక్కడ తప్పు జరిగింది? టీకాలు తప్పనిసరా? పిల్లలను ఎప్పుడు బయటికి వదలాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. 'ఇంట్లో వాడే తెల్ల బల్బులే, 9 వాట్లవి' అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. అవి ఎల్‌ఈడీ బల్బులు. కరెంటు తక్కువ తీసుకుని వెలుగు ఎక్కువ ఇవ్వడానికి చేసినవి. వెనకటి పీచు బల్బు, అంటే లోపల సన్నటి తీగ ఎర్రగా కాలే బల్బు, వెలుగు కన్నా వేడే ఎక్కువ ఇచ్చేది. పాత పుస్తకాల్లో 'పిల్లకు 2 వాట్ల చొప్పున బల్బులు పెట్టండి' అని రాసింది ఆ బల్బులను బట్టి. ఆ లెక్కన మీ 100 పిల్లలకు కనీసం 200 వాట్లు కావాలి. చలికాలం కాబట్టి అంతకన్నా ఎక్కువే కావాలి. మీరు పెట్టింది మొత్తం 18 వాట్లు, అదీ వేడి ఇవ్వని రకం. మనకు వెలుగు కనబడితే చాలు, వెచ్చగా ఉందనుకుంటాం. పిల్లలకు ఆ రాత్రి ఆరుబయట పడుకున్నట్టే గడిచింది. ఈ మధ్య పల్లెల్లో చాలామందికి ఇదే జరుగుతోంది. ఊళ్లలో పీచు బల్బులు దొరకడం తగ్గింది, పెంచే పద్ధతి మాత్రం పాతదే చెబుతున్నారు.

మీ అత్తమ్మ మాట విని నవ్వకండి. అసలు లోపం ఎక్కడుందో మీ ఇంట్లో సరిగ్గా చెప్పింది ఆవిడే. కోడి ఒళ్లు దాదాపు 41 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటుంది. గుడ్డు లోంచి వచ్చిన పిల్లకు ఒంటి మీద నూగే తప్ప ఈకలు ఉండవు. తన ఒంటి వేడిని తానే నిలుపుకునే శక్తి దానికి రెండు మూడు వారాల దాకా సరిగ్గా రాదు. అందుకే రోజంతా ఆడుతూ మధ్యమధ్య తల్లి రెక్క కిందికి దూరుతుంది. హ్యాచరీలో, అంటే మిషన్లో పొదిగించిన పిల్లకు ఆ రెక్క లేదు. దాని బదులు మనం ఏదైనా పెడితే అది నిజంగా వేడి ఇచ్చేదై ఉండాలి. ఇందులో మోసం కుదరదు.

చలికి పిల్లలు ఒక దగ్గర చేరాయి. మూల కనబడితే అందులోకి దూరాయి. వెనక ఉన్నవి ముందున్న వాటి మీదికి ఎక్కాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి. ఇంతవరకు మీకు కళ్లకు కనబడింది. కనబడనిది ఇంకోటి ఉంది. పుట్టే ముందు పిల్ల గుడ్డులోని పచ్చసొనను కడుపులోకి తీసుకుని వస్తుంది. దాని బలం మీదే రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. హ్యాచరీ వాళ్లు పిల్లలను పెట్టెల్లో అంత దూరం పంపగలిగేది కూడా అందుకే. చలి తగిలితే ఆ సొన సరిగా అరగదు, కడుపులోనే ఉండి చెడుతుంది, రెట్ట వెనక అంటుకుపోతుంది. మొదటి రాత్రి తగిలిన చలికి కొన్ని అప్పుడే పోతాయి, కొన్ని నాలుగో రోజున, కొన్ని ఆరో రోజున పోతాయి. దాన్ని చూసి రోగం అనుకుంటాం. మీరు యాంటీబయాటిక్ పొడి కలిపింది ఆ దశలోనే. పొడి వేడి ఇవ్వదు కదా!

ఆ పొడి గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. పేరు తెలియని మందు, ఎందుకో తెలియకుండా, ఎంతో తెలియకుండా కలపకండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మనం తినే జంతువులకు, కోళ్లకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలోనే నిషేధించింది. మనుషులకు వేరే మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా వాడే మందు అది. షాపులో ఇచ్చిన ప్యాకెట్ మీద ఏముందో కనీసం చదవండి. తెల్లగా, చిక్కగా రెట్ట వేస్తూ పిల్లలు వరుసగా చస్తుంటే అది తల్లి కోడి నుంచి గుడ్డు ద్వారా వచ్చే పుల్లోరం అనే జబ్బు కూడా కావచ్చు. దాన్ని తేల్చాల్సింది పశువైద్యుడు, షాపు కౌంటర్ కాదు.

ఇక ఈసారి ఏం చేయాలో చూద్దాం.

స్థలంతో మొదలుపెట్టండి. బర్రెల కొట్టం వద్దు. మూత్రం తడి, అమ్మోనియా వాసన, ఎలుకలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటికి ఆనుకుని ఒక గది గానీ, వసారాలో ఒక మూల గానీ ఖాళీ చేయగలిగితే మంచిది. రాత్రి మీరు లేచి చూడడానికి నాలుగడుగులే ఉండాలి, చలిలో కొట్టం దాకా నడవాలంటే ఎవరికైనా బద్ధకమే. గత్యంతరం లేక మళ్లీ కొట్టంలోనే పెట్టాల్సి వస్తే, పాత ఊకంతా ఎత్తి దూరంగా పెంటకుప్పలో వేయండి. మట్టి నేలైతే పైపొర చెక్కేయండి. ఎండ తగలనివ్వండి, సున్నం కొట్టండి, రెండు వారాలు ఖాళీగా ఉంచండి. నాలుగో వారంలో వచ్చిన రక్తపు రెట్టకు కారణం, చాలావరకు, కాక్సిడియా అనే సూక్ష్మజీవి. దాని గుడ్లు నేలలో నెలల తరబడి ఉంటాయి. ఫినాయిల్ చల్లితే అవి చావవు, ఎండకూ పొడితనానికీ వేడికీ చస్తాయి.

కింద రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక పోయండి. దాని మీద మొదటి మూడు నాలుగు రోజులు పాత గోనెసంచులు పరవండి. కొందరు న్యూస్‌పేపర్ వేస్తారు. నున్నగా ఉండే కాగితం మీద పిల్లల కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి, అలా చీలిన కాళ్లు మళ్లీ కుదురుకోవడం కష్టం. పేపరే వేయాలనుకుంటే నలిపి వేయండి, రోజూ మార్చండి. అసలు ఏదీ పరవకపోతే మేత ఏదో ఊక ఏదో తెలియక పిల్లలు ఊక మింగుతాయి.

చుట్టూ అడుగున్నర ఎత్తున గుండ్రంగా రేకు గానీ, అట్ట గానీ, వెదురు తడిక గానీ నిలబెట్టండి. కోళ్ల ఫారాల వాళ్లు దీన్ని చిక్ గార్డు అంటారు. గుండ్రంగా అని ఎందుకు అంటున్నానంటే, మూల లేకపోతే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగే చోటు ఉండదు. 50 పిల్లలకు అటు నుంచి ఇటు ఐదడుగుల వలయం చాలు. రెండు మూడు రోజులకోసారి కొంచెం పెద్దది చేస్తూ, పది రోజులు దాటాక తీసేయవచ్చు. నాలుగు వారాల దాకా ఒక్కో పిల్లకు అర చదరపు అడుగు, ఎనిమిది వారాల దాకా ఒక అడుగు ఉండేలా చూసుకోండి.

బల్బుల దగ్గరికి వద్దాం. మహబూబాబాద్‌లోనో వరంగల్‌లోనో కోళ్ల మేతలు, తొట్లు అమ్మే దుకాణంలో అడిగితే బ్రూడింగ్ బల్బులని ఇస్తారు. 100 వాట్ల పీచు బల్బులు దొరికితే 50 పిల్లలకు రెండు పెట్టండి. లెక్క ప్రకారం ఒకటి చాలు కదా అని ఒక్కటే పెడితే, రాత్రి రెండింటికి అది కాలిపోతే ఏం చేస్తారు? ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ బల్బు 250 వాట్లది దొరికితే అదొక్కటే బోలెడు వేడి ఇస్తుంది, కానీ దానికి పింగాణీ హోల్డరే వాడాలి. ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది. బల్బును కరెంటు వైరుతో కాకుండా గొలుసుతోనో గట్టి తీగతోనో కట్టండి. కింద ఉన్నది ఎండు ఊక, తెగి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మామూలు బల్బు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో, ఇన్‌ఫ్రారెడ్ అంతకన్నా పైన ఉండాలి.

మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఒక థర్మామీటర్ కొంటే మంచిదే, కానీ పిల్లలే అంతకన్నా బాగా చెబుతాయి. బల్బు కింద కుప్పగా చేరి కీచుమంటుంటే చలి. అప్పుడు బల్బు దించండి. బల్బుకు దూరంగా గార్డు అంచుకు చేరి నోళ్లు తెరుచుకుంటే వేడి ఎక్కువైంది, పైకి లేపండి. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడినుంచో గాలి దూరుతోంది. అటూ ఇటూ తిరుగుతూ, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాపి పడుకుని ఉంటే మీరూ వెళ్లి పడుకోవచ్చు. ఫిబ్రవరిలో మీ వైపు పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజాము మాత్రం వణికిస్తుంది. మధ్యాహ్నం బల్బులు ఆపేయాల్సి రావచ్చు, తెల్లవారుజామున మూడింటికి రెండూ వెలగాల్సిందే. మొదటి వారం రోజులు ఇంట్లో ఎవరో ఒకరు రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి చూడాలి. ఈ పనికి మీ ఆయనను ఒప్పించండి, 200 పిల్లలు తెద్దామన్నది ఆయనే కదా.

పరదా మొత్తం మూసి గాలి ఆడకుండా చేయకండి. పిల్లల ఎత్తులో గాలి తగలకుండా, పైన మాత్రం గాలి మారేలా ఉండాలి. మీరు లోపలికి వంగినప్పుడు కళ్లు మండితే పిల్లలకు ఇంకా ఎక్కువ మండుతున్నట్టు.

కరెంటు పోతే? ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మీలాంటి బావి దగ్గరి ఇళ్లకు ఒక్కోసారి రాత్రంతా చీకటే. బొగ్గుల కుంపటి పాత పద్ధతి, పనిచేస్తుంది. కానీ దాన్ని బయటే రాజేసి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాకే లోపల పెట్టండి, పిల్లలు దూకకుండా చుట్టూ జాలీ పెట్టండి. తలుపులన్నీ బిగించిన గదిలో మాత్రం పెట్టొద్దు. వాసన లేని విషవాయువు వస్తుంది, పిల్లలకే కాదు, పక్కన నిద్రపోయే మనిషికీ ప్రమాదమే. దానికన్నా సులువైన పద్ధతి ఇంకోటి ఉంది. పిల్లలను పాతిక చొప్పున ఊక పరిచిన అట్టపెట్టెల్లో పెట్టి, వేడినీళ్ల సీసాలకు గోనెగుడ్డ చుట్టి మధ్యలో ఉంచండి. పైన గోనెసంచి కప్పి, గాలికి సందు వదలండి. ఆ రాత్రికి ఒకదాని వేడి ఒకదానికి సరిపోతుంది.

పిల్లలు వచ్చే రోజు బల్బులు కొన్ని గంటల ముందే వేసి ఊకను వెచ్చబెట్టండి. సాయంత్రానికి కాకుండా పొద్దున్నే వచ్చేలా మాట్లాడుకోండి, పగలంతా చూసుకోవడానికి వీలుంటుంది. దించగానే ముందు నీళ్లు పెట్టాలి, మేత తర్వాత. కాచి చల్లార్చిన నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, లీటరుకు రెండు మూడు చెంచాల బెల్లం గానీ గ్లూకోజు గానీ కలపండి. ఈ తీపినీళ్లు మొదటి రోజుకే, రోజుల తరబడి ఇస్తే పారుడు పట్టుకుంటుంది. ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లలో ముంచి వదలండి. తల్లి ఉంటే తానే తాగి చూపించేది, ఇక్కడ ఆ పని మనమే చేయాలి. పళ్లెం మాత్రం వద్దు. పిల్లలు అందులోకి దిగి తడుస్తాయి, తడిసిన పిల్ల ఎంత వేడిలో ఉన్నా వణుకుతుంది. బోర్లించిన డబ్బా ఉండే ప్లాస్టిక్ నీళ్ల తొట్లు చవకగానే దొరుకుతాయి, 50 పిల్లలకు రెండు కొనండి. పళ్లెం తప్పకపోతే మధ్యలో గులకరాళ్లు నింపండి.

రెండు మూడు గంటల తర్వాత మొక్కజొన్న రవ్వ గోనె మీద పలచగా చల్లండి. ఆ రాత్రి పది పిల్లలను పట్టుకుని మెడ కింద మేతసంచి తడిమి చూడండి. మెత్తగా నిండి ఉంటే తిన్నాయి, తాగాయి. ఖాళీగా ఉంటే వాటిని విడిగా తీసి మీరే తాగించండి. గట్టిగా ఉంటే మేత తిన్నాయి గానీ నీళ్లు దొరకలేదు.

మేత విషయంలో మీ పొరపాటు నూకలు. నూకలు చెడ్డవి కావు, అవి చాలవు, అంతే. పిల్లకు మొదటి ఆరు వారాలు మాంసకృత్తులు బాగా కావాలి. నూకల్లో అవి తక్కువ. ఒట్టి నూకల మీద పెరిగితే ఈకలు రావు, రెక్కలు వేలాడతాయి, కాళ్లు వంకర పోతాయి. ఆరు వారాల వరకు చిక్ స్టార్టర్, అంటే కోడిపిల్లల కోసమే తయారుచేసిన మేతే పెట్టండి. ఒక్కో పిల్ల ఆ ఆరు వారాల్లో కిలో నుంచి కిలోన్నర తింటుంది, 50 పిల్లలకు ఒక బస్తాన్నర వరకు పడుతుందనుకోండి. ఈ ఖర్చు తప్పించుకోవాలని చూడకండి. ఆ తర్వాత నూకలు, తవుడు, పొలంలో రాలిన గింజలు, పురుగులు అన్నీ పనికొస్తాయి. గుడ్లు పెట్టే కోళ్ల మేత చవకగా వచ్చిందని పిల్లలకు వేయొద్దు, అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి. వేరుశనగ చెక్క బూజు వాసన వస్తే దూరంగా పారేయండి.

చెదల గురించి మీ అత్తమ్మను అడగండి, ఆవిడకు తెలిసే ఉంటుంది. పాత కుండలో తడి గడ్డి, పేడ కలిపి కూరి, చెదలు ఉన్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. మూడో వారం నుంచి పిల్లలకు ఇంతకన్నా మంచి మేత నాకు తెలియదు, పైసా ఖర్చు కూడా లేదు. చెదల మందు కొట్టిన చోట మాత్రం ఈ పని చేయకండి.

ఊక ఎప్పుడూ పొడిగా ఉండాలి. రోజుకోసారి కలియబెట్టండి, నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన ఊకను తీసి కొత్తది వేయండి. పిడికిట పట్టి వదిలితే ముద్దలా నిలవకూడదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య రక్తపు రెట్ట కనబడితే ఆ రోజే పశువైద్యుడితో మాట్లాడండి. ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తారు, మొదట్లోనే ఇస్తే బాగా పనిచేస్తుంది. మీరు కొనే స్టార్టర్ మేతలో ఈ జబ్బుకు మందు ముందే కలిపి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

రెట్ట వెనక అంటుకున్న పిల్లను గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెల్లగా తుడవండి, పీకకండి. తుడిచి ఆరబెట్టి, ఆరాకే మిగతా వాటిలో కలపండి.

టీకాలు తప్పనిసరా అని అడిగారు. తప్పనిసరే. 'నాటు రకానికి రోగాలు రావు' అన్నవాళ్ల ఊళ్లోనే ఎండలు ముదిరేసరికి గంపల కింద కోళ్లు ఖాళీ అవుతాయి. కొక్కెర తెగులు నాటుకోడిని వదలదు, వనరాజాను వదలదు. దీన్నే రాణిఖేత్ అంటారు. ఒకసారి వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయడం ఒక్కటే దారి. మారెక్స్ అనే ఇంకో జబ్బుకు టీకా హ్యాచరీలోనే మొదటి రోజు వేయాలి, వేశారా లేదా అని కొనేటప్పుడే అడగండి, ఇంటికొచ్చాక అది మన చేతిలో ఉండదు. ఐదు నుంచి ఏడో రోజు మధ్య లసోటా, అంటే కొక్కెర తెగులు టీకా, కంట్లో ఒక చుక్క. రెండు వారాలకు గంబోరో అనే జబ్బుకు టీకా. నాలుగు వారాలకు లసోటా మళ్లీ. ఆరు, ఏడు వారాలకు మశూచి టీకా. ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి సూది, ఇదీ కొక్కెర తెగులుకే. ఈ ఆర్2బి చిన్న పిల్లలకు ఎవరు వేస్తానన్నా ఒప్పుకోకండి, అది బలమైన టీకా, లేత పిల్లలకు కాళ్లు పడిపోతాయి. ఫిబ్రవరి మొదట్లో తెస్తే ఏప్రిల్ మొదటి వారానికి ఆ సూది పడుతుంది. అదే సరైన సమయం.

టీకా మందు ఐసులో పెట్టి తేవాలి. మీ మండలం పశువైద్యశాలలో అడగండి, వాళ్లు చెప్పిన రోజు ఐసు వేసిన ఫ్లాస్కు పట్టుకెళ్లండి. కలిపాక గంట, గంటన్నరలో అయిపోవాలి. సీసాలో ఉండేది వందల మోతాదు, మీ 50 పిల్లలకు పోను మిగిలింది పారబోయడమే. అందుకే చుట్టుపక్కల కోళ్లున్న ఇళ్ల వాళ్లకు ముందే చెప్పి అందరూ ఒకే రోజు వేయించండి. పక్కింటి కోళ్లకు టీకా పడితే మీ కోళ్లకూ రక్షణే. నీళ్లలో కలిపే టీకా అయితే క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వాడొద్దు, టీకా చచ్చిపోతుంది. మీ బావి నీళ్లు మేలు.

మిగిలిన 34 కోళ్ల విషయం మీరు అడగలేదు గానీ నాకు వాటి మీదే ఎక్కువ దిగులు. అవి బాగానే తిరుగుతున్నాయంటే రోగం లేదని కాదు, తట్టుకున్నాయని. వాటి రెట్టలో ఉన్నది కొత్త పిల్లలకు చేరితే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడే వాటికి నట్టల మందు తాగించి, వారం ఆగి ఆర్2బి వేయించండి. ఇదంతా కొత్త పిల్లలు రావడానికి రెండు వారాల ముందే అయిపోవాలి. పొద్దున్నే ముందు పిల్లల పని చూసుకుని, తర్వాతే పెద్ద కోళ్ల దగ్గరికి వెళ్లండి. పిల్లల గదికి వేరే చెప్పులు ఉంచుకోండి.

ఇక పొదుగుకు వచ్చే నాటు పెట్ట. అత్తమ్మ ఆలోచన మంచిదే, కానీ కొన్ని షరతులున్నాయి. పెట్ట నిజంగా పొదుగులో కూర్చుని కనీసం రెండు వారాలైనా కావాలి, నిన్న కూర్చున్న పెట్ట పిల్లలను పొడుస్తుంది. ఒకటి రెండు రోజుల వయసు పిల్లలనే, బాగా చీకటి పడ్డాక, కింద ఉన్న గుడ్లను ఒక్కొక్కటీ తీస్తూ ఒక్కొక్క పిల్లను దూర్చాలి. తెల్లారి లేచేసరికి తన పిల్లలే అనుకుంటుంది. చలి రోజుల్లో పది, పన్నెండుకు మించి పెట్టకండి, రెక్కల కింద చోటు అంతే. ముందే పెట్టకు పేలు ఉన్నాయేమో రెక్కల కింద చూసి మందు చల్లండి, పేలు లేత పిల్లలకు పాకితే అవి నీరసించిపోతాయి. ఇలా పెట్టకు అప్పగించిన పిల్లలను బల్బు కింద పిల్లలతో కలపకండి. ఏ పది పిల్లలు పెట్టతో పోతాయో మొదటి రాత్రే తేల్చుకోవాలి. ఒక విధంగా ఇది మీకు మంచి అవకాశం కూడా. వనరాజా, అలాంటిదే అయిన గ్రామప్రియ రకం పెట్టలు గుడ్లు పెడతాయి గానీ పొదగవు. ఆ నాటు పెట్టను అమ్ముకోకండి, ముందు ముందు మీ ఇంట్లో పొదిగేది అదొక్కటే.

పిల్లలు ఎక్కడ కొనాలన్నది మీరు రాయలేదు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది, అక్కడ ముందుగా బుక్ చేసుకుంటే పిల్లలు ఇస్తారు. అక్కడికి వెళ్లలేకపోతే మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. టీవీఎస్ బండి మీద గంపలో వచ్చే గులాబీ, పచ్చ రంగు పిల్లలు మాత్రం వద్దు. అవి గుడ్ల ఫారాలకు అక్కర్లేని పుంజు పిల్లలు, రంగు వేసి అమ్ముతారు. ఎన్నాళ్లు మేపినా గుడ్డు పెట్టవు, మాంసం పెద్దగా పట్టదు.

బయటికి ఆరు వారాలకు వదలండి, అప్పటికి ఒంటి నిండా ఈకలు వస్తాయి. మొదటి రోజు పొద్దున్నే వదిలితే ఎటు పోతాయో తెలియదు. సాయంత్రం చీకటి పడడానికి గంట ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు వదలండి. మేత డబ్బా చప్పుడు చేస్తే లోపలికి వస్తాయి. రోజుకు కొంచెం కొంచెం ముందుకు జరపండి. వనరాజా బరువు రకం, నాటుకోడిలా చెట్టెక్కి ప్రాణం కాపాడుకోలేదు. కాబట్టి రాత్రి గూడు తప్పనిసరి. జాలీ కన్నాలు అరంగుళానికి మించకూడదు, అంచు చుట్టూ రాళ్లు పాతండి. ముంగిస జాలీని కొరకదు, కింద తవ్వుతుంది. పగలు గద్దలకు అడ్డంగా బంతి చెట్లో కంది చెట్లో కొంత దట్టంగా ఉంటే పిల్లలు వాటి కిందికి దూరతాయి.

మీ ఆయన 200 లెక్కకు నా జవాబు: 50 చాలు. 100 తెస్తే 34 మిగిలిన పద్ధతిలోనే 200 తెస్తే 68 మిగులుతాయనుకోకండి. ఇరుకులో, అదే చలిలో అంతకన్నా తక్కువే మిగులుతాయి. 50 తెచ్చి 46, 47 నిలబెట్టగలిగితే, అందులో పుంజులు ఆషాఢం బోనాల నాటికి అమ్మకానికి ఎదుగుతాయి, పెట్టలు శ్రావణానికి అటూ ఇటూగా గుడ్డు మొదలుపెడతాయి. ఇలా ఒక బ్యాచ్ గట్టెక్కితే వచ్చే చలికాలానికి 100 తెచ్చుకోవచ్చు.

అంతా సరిగా చేసినా మొదటి వారంలో ఒకటి రెండు పోవచ్చు, దానికి టెన్షన్ పడకండి. ఒకే రోజు మూడుకు మించి పోతే మాత్రం ఫోన్‌లో లక్షణాలు చెప్పి మందు రాయించుకోకండి. అప్పుడే చచ్చిన పిల్లలు రెండు, నీరసంగా ఉన్నది ఒకటి తీసుకోండి. చచ్చిన వాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి, ఆ పూటే పశువైద్యశాలకు పట్టుకెళ్లండి. కోసి చూస్తే చలో, సొన చెడిందో, కాక్సిడియానో తెలిసిపోతుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తేకండి, లోపలి అవయవాలు చెడి ఏమీ తేలదు. బండి దొరకకపోతే 1962కి ఫోన్ చేయండి, పశువైద్య సంచార వాహనం వాళ్లు వస్తారు.